ఎవరికి అప్పజెప్పాలి?

1822 జూన్ 25న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక పని పురమాయించాడు. జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, వాళ్లవి ఏ కులాలు, చదివేదేమిటి అన్న లెక్క తీసి పంపమన్నాడు. గజపతినగరం ఆనాడు విశాఖపట్నం జిల్లాలోని ఊరు. విజయనగరం జమీందారీ ఏలుబడిలో ఉన్న ఈ చంపావతి ఒడ్డు పల్లెలకూ ఆ ఆరా తప్పలేదు. కాగితాలన్నీ చేరేసరికి నాలుగేళ్లు పట్టింది. 1826 మార్చి 10న మన్రో తేల్చిన లెక్క ప్రకారం కోటీ 28 లక్షల పైచిలుకు జనాభాకు 12,498 బడులున్నాయి.

ఆ నివేదికలోనే మన్రో ఒక లోటును తానే ఎత్తిచూపాడు. ఇంటిపట్టున చదువుకునే పిల్లల సంఖ్య జిల్లాల నుంచి రాలేదు. ఒక్క మద్రాసు పట్నానికి మాత్రం ఆ లెక్క ఉంది. అక్కడ ఇళ్లలో చదివేవాళ్లు 26 వేలకు పైమాటే. బడికి పోయేవాళ్ల కన్నా ఐదు రెట్లు ఎక్కువ. అందుకే చదువుకునే మగపిల్లల వాటా నాలుగో వంతు కన్నా మూడో వంతుకే దగ్గరగా ఉంటుందని ఆయన అంచనా వేశాడు. అయితే ఇంటి చదువు ఏ ఇళ్లకు అందేదో ఊహించడం కష్టం కాదు. పంతుళ్ల ఇళ్లు, కోమట్ల ఇళ్లు, కరణాల ఇళ్లు, జమీందారీ లోగిళ్లు. మాలపల్లె పిల్లలకు వీధిబడి అరుగే దూరం. ఇక ఇంటికొచ్చి చెప్పేదెవరు?

ఆ వీధిబడి ఎలా నడిచేదో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో కళ్లకు కట్టినట్టుంది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దాలి. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పాలి. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతను చూసి ముచ్చటపడి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేయించి, ఇంగ్లండు బడులకూ అంటించాడు. పిల్లలు పద్యాలు గడగడ చదువుతారే గాని అర్థం తెలియదని క్యాంప్‌బెల్ ఫిర్యాదు. చాలాచోట్ల పంతులుకూ తెలియదని కూడా అన్నాడు. అది నిజమే అయినా, ఆ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. చదువంతా నోటితో, పైకి. సాయంత్రం వరసగా నిలబడి ఎక్కాలు వల్లించేటప్పుడు వీధి వీధంతా వినేది. పాఠం ఏపాటి వచ్చిందో తెలుసుకోవడానికి తల్లికి అక్షరం వచ్చి ఉండనక్కర్లేదు. తడబడితే చెవికే తెలిసిపోతుంది.

లెక్కలకైతే బడికీ ఇంటికీ గోడే లేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కళ్లంలో ధాన్యం కొలిచే మామ్మకు వేలిముద్రే తప్ప సంతకం రాకపోవచ్చు. కానీ కుంచానికి పదహారు సోలలని ఆమెకు కంఠతా వచ్చు, పిల్లవాడు తప్పు చెబితే అక్కడే దిద్దగలదు. పరకలు, బేడలు, పావలాలు అని బడిలో వల్లించిన భిన్నాల ఎక్కాలు మర్నాడు మానాపురం సంతలో బేరానికి పనికొచ్చేవే.

పందొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి అచ్చు పుస్తకం వచ్చింది. పుదూరు సీతారామశాస్త్రి 1832లో రాసిన బాలశిక్ష క్రమంగా పెరిగి పెద్దబాలశిక్ష అయింది. అది బడికీ ఇంటికీ ఉమ్మడి పుస్తకం. ఇక గజపతినగరానికి దగ్గర్లోని విజయనగరంలో పూసపాటి రాజులు 1857లో పెట్టిన బడి 1868లో హైస్కూలు, 1879లో కాలేజీ అయింది. ఉద్యోగమిచ్చే చదువు ఇంగ్లీషు చదువేనని చుట్టుపక్కల అగ్రహారాలకు అర్థమైంది. ఇంట్లో వినేవాళ్లకు మొదటిసారిగా పాఠం అంతుపట్టకుండా పోయింది.

ఆ అయోమయాన్ని గురజాడ అప్పారావు కన్నా బాగా పట్టుకున్నవాళ్లు లేరు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం ఎవరు? మొట్టమొదట ఆయన ఒక ట్యూషన్ మాస్టారు. పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతానని కృష్ణరాయపురం అగ్రహారంలో మకాం వేస్తాడు. కొడుకూ మాస్టారూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని తల్లి వెంకమ్మకు ముచ్చట. అడుగుతుంది. ఇద్దరూ పొంతన లేని ముక్కలేవో తెగ దంచుతారు, తల్లి మురిసిపోతుంది. నూటముప్పై ఏళ్లు దాటినా ఆ దృశ్యం పాతబడలేదు; చుట్టాలు రాగానే ‘రైమ్ చెప్పమ్మా’ అనే ముందుగది ఏ ఊళ్లో లేదు? వెంకమ్మను చూసి నవ్వేవాళ్లు ఒకటి గమనించరు. ఆమె చేసింది సరైన పనే. కొడుకు చదువు వినాలనుకుంది. మోసం వినిపించినవాళ్లది.

సమస్య ఇంగ్లీషుతోనే ఆగలేదు. తెలుగు పుస్తకం కూడా ఇంటి తెలుగులో లేదు. శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో చదువుకుని, పర్లాకిమిడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తికి ఇది రెండు వైపుల నుంచీ తెలిసింది. సవర గిరిజన పిల్లలకు తెలుగు బడి అందడం లేదని సవర భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. స్కూళ్ల ఇనస్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు పాఠాల తీరు చూసి వేసిన ప్రశ్నలు గిడుగునూ, గురజాడనూ, విశాఖలోని పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ ఒక్కతాటి మీదికి తెచ్చాయి. అక్కడి నుంచి నడిచిందే వ్యావహారిక భాషోద్యమం. దాన్ని సాహిత్య వివాదంగానే చెప్పుకోవడం అలవాటైంది గాని, పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లవాడు చదివి వినిపిస్తే వాళ్లమ్మకు అర్థం కావాలా వద్దా అన్న తగువు కూడా అందులో ఉంది.

ఆ తగువు ఇళ్లలో తేలింది పత్రికలతో. బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు, భార్య కామేశ్వరి రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1945లో ‘బాల’ తెచ్చారు. 1947 జులైలో ‘చందమామ’ వచ్చింది. కూడబలుక్కుని చదివే వయసు పిల్లలు ఇంటిల్లిపాదికీ కథ చదివి పెట్టే అలవాటు ఈ పత్రికలతోనే బలపడింది. ఏ విద్యాశాఖా ఇవ్వని హోంవర్క్ అది.

ఆ పత్రికల రోజుల్లోనే లెక్కల తాడు తెగింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, ఆ వెనకే కిలోలు, లీటర్లు, మీటర్లు. దేశానికి దశాంశ పద్ధతి అవసరమే. అందులో వివాదం లేదు. కానీ మామ్మ నోటి లెక్క ఒక తరంలో బడికి పనికిరానిదైపోయిందని ఎవరూ పట్టించుకోలేదు. పల్లెపల్లెకూ ప్రాథమిక పాఠశాల వచ్చి, వంశంలో మొదటిసారిగా బడి మెట్లెక్కిన పిల్లలు చేరుతున్న కాలమూ అదే. వాళ్ల ఇళ్లలో పుస్తకం చదవగలిగేవాళ్లు లేరు, వచ్చిన లెక్కకేమో విలువ పోయింది. ‘మాకేటి తెల్సు బాబూ, నువ్వే సూసుకో’ అని తల్లిదండ్రులు పంతులుకు అప్పగించేసే మాట ఈ ప్రాంతంలో అలా స్థిరపడింది.

చదువురాని తల్లిని తక్కువ అంచనా వేయకూడదని నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా 1990ల మొదట్లో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివి సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఒక్క వాచకం పాఠం ఇంటికి చేరితే ఏమవుతుందో అంతకన్నా పెద్ద ఉదాహరణ తెలుగునాట లేదు.

బడుల వైపు నుంచి కూడా కదలిక వచ్చింది. బ్రిటిష్ సాయంతో 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, పిల్లలు చేసి నేర్చుకోవాలని, ఊరి పరిసరాలనే పాఠంలోకి తేవాలని టీచర్లకు శిక్షణనిచ్చింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) మొదలైనప్పుడు రాష్ట్రంలో తొలి విడతకు ఎంచుకున్న ఐదు జిల్లాల్లో విజయనగరం ఒకటి. మిగతావి కర్నూలు, నెల్లూరు, కరీంనగర్, వరంగల్. వెనకబాటు కూడా ఎంపికకు ఒక అర్హత. ఆ ఎంపిక జరిగిన పదిహేనేళ్లకు, 2011 జనగణనలో కూడా జిల్లా అక్షరాస్యత 60 శాతం దాటలేదు. గ్రామ విద్యా కమిటీలు వచ్చాయి, తల్లిదండ్రులను బడికి పిలిచారు. పిలిచి మాట్లాడింది ఎక్కువగా గదుల గురించి, ప్రహరీల గురించి. పిల్లవాడు సాయంత్రం ఇంట్లో ఏం చేయాలన్నది ఎజెండాలోకి రావడానికి చాలాకాలం పట్టింది.

ఆ ఖాళీలోకి ట్యూషన్ వచ్చి కూర్చుంది. కాన్వెంటు బస్సు దిగిన పిల్లలు అటునుంచి అటే ట్యూషన్‌కు పోయి, రేపటి హోంవర్క్ పూర్తి చేసుకుని, నిద్రకళ్లతో ఇంటికి రావడం గజపతినగరం లాంటి మండల కేంద్రాల్లో ఎవరికీ వింతగా తోచదు. ఇంటి పని అన్నారు గాని, ఇంటికి రాకముందే అయిపోతుంది.

హోంవర్క్ మీద కోపం కొత్తది కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ బాక్ అనే సంపాదకుడు 1900లో దాన్ని జాతీయ నేరమన్నాడు. మరుసటి ఏడే కాలిఫోర్నియా పదిహేనేళ్లలోపు పిల్లలకు హోంవర్క్ ఇవ్వొద్దని చట్టం చేసింది. మన దగ్గర పుస్తకాల సంచి మోత గురించి ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మాట్లాడాక కదలిక వచ్చింది. 1993లో యశ్‌పాల్ కమిటీ ఒక చక్కని గీత గీసింది: ప్రాథమిక తరగతులకు హోంవర్క్ వద్దు, ఇంటి పరిసరాల్లో పాఠాన్ని పొడిగించే పనులైతే ఇవ్వొచ్చు. పాతికేళ్లపాటు ఆ వాక్యం బీరువాలోనే ఉంది. 2018 మేలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ కూడదని తీర్పు చెప్పాక, 2020 నాటి బడి సంచి విధానంలో దానికి రూపం వచ్చింది. రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. దాని బదులు, నిన్న సాయంత్రం ఏం ఆడావు, ఏం తిన్నావు అని తరగతిలో మాట్లాడించమన్నారు.

ఆ సమయానికే బడులు మూతబడి ఉన్నాయి. 2020 మార్చి నుంచి కరోనా పుణ్యమా అని ఇల్లే బడి అయింది. సప్తగిరి ఛానల్లో పాఠాలు, వాట్సాప్‌లో వర్క్‌షీట్లు. ఉన్న ఒక్క ఫోన్ నాన్నతో పాటు పనికి పోతే పాఠమూ పోయినట్టే. పొట్ట చేతపట్టుకుని హైదరాబాదుకో విజయవాడకో వలసపోయే కుటుంబాల పిల్లలు మామ్మల దగ్గర పెరగడం ఉత్తరాంధ్రలో పాత సంగతే. ఆ మామ్మ చేతికి ఫోనిచ్చి పాఠం చూపించమంటే ఏం చూపిస్తుంది?

అదే ఏడాది నుంచి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు వచ్చాయి. ఇంగ్లీషు మాధ్యమం మీద కోర్టుల దాకా వెళ్లిన వాదన ఎలా ఉన్నా, ఈ రెండు పేజీల పుస్తకం మాత్రం ఇంటికి మేలు చేసింది. ఐదో తరగతితో ఆగిపోయిన తల్లి కూడా తెలుగు పేజీ చూసి ఇంగ్లీషు పేజీ మీద ప్రశ్న అడగగలదు. 2020 చివర్లో మొదలైన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం కథల పుస్తకాన్ని పిల్లల చేతికివ్వాలని చూసింది.

చదువురాని ఇల్లు ఏం చేయగలదో కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాయిస్ ఎప్‌స్టీన్ బృందం తయారుచేసిన ‘టిప్స్’ హోంవర్క్‌లో తల్లిదండ్రులు పాఠం చెప్పరు. పిల్లలు ఇంట్లో ఒకరిని అడిగి తెలుసుకోవాలి, లేదా చేసి చూపించి వివరించాలి. పెద్దవాళ్ల పని వినడమే. బీహార్, రాజస్థాన్‌లలో 480 గ్రామాల్లో ప్రథమ్ సంస్థ తల్లులతో చేసిన ప్రయోగం ఇంకా దగ్గరిది. కొన్ని ఊళ్లలో తల్లులకు చదువు చెప్పారు, కొన్నింట్లో పిల్లలతో కలిసి చేసే పనుల కాగితాలు వారం వారం ఇచ్చారు, కొన్నింట్లో రెండూ. 2017లో అచ్చయిన ఫలితాల్లో పిల్లల లెక్కలు కొంచెం మెరుగుపడ్డాయి. నిజంగానే కొంచెం. రెండూ కలిపిన చోట మరికాస్త. అద్భుతమేమీ జరగలేదు, పని కాగితానికీ ఫలితం ఉంది, అంతే.

దీన్ని గజపతినగరానికి తెచ్చుకోవడానికి పథకం అక్కర్లేదు. మీ ఇంట్లో కుంచం ఉందా, అందులో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో కొలిచి రా. మామ్మ చిన్నప్పుడు ఏ నారతో తాడు పేనేవారో అడిగి చెప్పు. విజయనగరం బస్సు టికెట్ మీద ఏమేం రాసుందో చదివి వినిపించు. ఇలాంటి ప్రశ్నకు ట్యూషన్ మాస్టారి దగ్గర జవాబుండదు. వీటికి టీచరు ఖర్చుపెట్టాల్సింది మర్నాడు పొద్దున పది నిమిషాలు, పిల్లలు తెచ్చిన జవాబులు వినడానికి. రెండు తరగతులను ఒకే గదిలో నడిపే ఏకోపాధ్యాయుడికి ఆ పది నిమిషాలే కరువు.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింట్లో ఒకేరోజు తల్లిదండ్రులతో సమావేశాలు పెట్టారు. ముగ్గులు, ఆటలు, సహపంక్తి భోజనాలతో ఊళ్లలో పండగలా సాగింది. వలస వెళ్లినవాళ్లు ఊరికి వచ్చే నిజం పండగ ఆ తర్వాత నెలకు, సంక్రాంతికి. అమ్మానాన్నలు ఏడాదిలో వారం రోజులు పిల్లల పక్కన కూర్చునే ఆ సెలవులకు బడి ఇచ్చి పంపే పని చాలాచోట్ల ఇప్పటికీ కాపీరైటింగే, రోజుకొక పేజీ.