గళ్లలో లేని ఇంటిపేరు

హైదరాబాద్‌లో మా కొత్తగూడ చౌరస్తాలో ఎవరైనా పోతే తెల్లారేసరికి ఫ్లెక్సీ లేస్తుంది. నవ్వుతున్న ఫొటో, పక్కన దీపం, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు. పెద్దకర్మ అయ్యాక అది చిరిగి వేలాడుతుంది. ఎవరో దాన్ని విప్పుకుపోయి బండి మీద కప్పుకుంటారు. ఆ ఫ్లెక్సీ మీద ఉండే నాలుగు ముక్కల కోసం ఇక్కడ డర్బన్‌లో మనుషులు ఆదివారాలు శ్మశానాల్లో తిరుగుతుంటారు. రెండేళ్లుగా వాళ్ల వెంట నేనూ తిరుగుతున్నాను.

దక్షిణాఫ్రికా అనగానే మనకు గాంధీ, మండేలా, ఆ తర్వాత క్రికెట్ గుర్తొస్తాయి. గాంధీ 1893లో వచ్చాడు. మనవాళ్లు అంతకు 33 ఏళ్ల ముందే వచ్చారు. డర్బన్ ఉన్న ఈ నటాల్ అప్పుడు ఇంగ్లీషువాళ్ల వలస. తీరం పొడవునా చెరకు వేశారు గానీ, సొంత పొలాలూ పశువులూ ఉన్న జులూ జనం ఆ తోటల్లో గొడ్డుచాకిరీకి రామన్నారు. బానిసత్వం అప్పటికే చట్టరీత్యా పోయింది. దాంతో ఐదేళ్ల ఒప్పందం మీద మన దేశం నుంచి కూలీలను తెచ్చారు. మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న 342 మందితో ఈ రేవులో లంగరు వేసింది. మొదటి ఏడాది మగవాళ్లకు నెలకు పది షిల్లింగుల జీతం, తిండి, ఒక గది. 1911లో భారత ప్రభుత్వం ఆపేదాకా అలా వచ్చినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండొంతుల మంది ఓడ ఎక్కింది మద్రాసు రేవులోనే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు అందులో ఉన్నారు. మన తెలంగాణ వాళ్లు బహు తక్కువ. నిజాం రాజ్యం కాబట్టి.

సరిగ్గా ఇన్ని వేల మంది అని ఎలా తెలుసంటారా? దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. కలోనియల్ నంబర్ అంటారిక్కడ. ఓడ జాబితాలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ, ఏ దొర తోటకు పంపారన్నదీ గళ్లు గీసి రాశారు. పారిపోతే పట్టుకోవడానికే ఆ మచ్చల గడి. కానీ ఆ గళ్లలో ఇంటిపేరుకు చోటు లేదు. తెలుగువాడి ఇంటిపేరు సముద్రంలో కొట్టుకుపోలేదు, గడి లేక పోయింది. కొందరికి తండ్రి పేరే ఇంటిపేరయింది, కొందరికి కులమే. నాయుడు కాస్తా ‘నాయిడూ’ అయ్యాడు.

మా పక్కింటి ఆంటీకి డెబ్బై దాటాయి. తాత, అవ్వ, చారు, అప్పడం తప్ప తెలుగు ముక్క రాదు. నేను తెలుగువాణ్నని తెలిసిన రోజే, ‘మా ముత్తవ్వ సమాధి మీద మీ రాత ఉంది, వచ్చి చదువుతావా?’ అని ఇంగ్లీషులో అడిగింది. ఇప్పుడు దహనమే ఎక్కువ గానీ, తొలి తరాల్లో హిందువుల్లోనూ చాలామందిని పూడ్చిపెట్టారు. చెరకు తోటల్లో పూడ్చినవాళ్లలో చాలామందికి రాయి కూడా లేదు, వాళ్ల మీద మళ్లీ చెరకే వేశారు. టోంగాట్ వైపు ఒక పాత శ్మశానంలో ఈ అవ్వకు మాత్రం రాయి మిగిలింది.

మాతో ఇద్దరు వాలంటీర్లు వచ్చారు, ఒక తెల్లావిడ, ఒక రిటైర్డ్ టీచర్. జీనియలాజికల్ సొసైటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా తరఫున ఇలా ఊరూరా తిరిగి సమాధి రాళ్ల ఫొటోలు తీసి పెడతారు. ఇప్పటికి లక్షల్లో తీశారు. జీతం లేదు, సొంత పెట్రోలు. తమ బంధువులవే కాదు, ఎవరి రాయైనా తీస్తారు. అక్షరాలు కనబడటం లేదని నేను సుద్దముక్క తీయబోతే టీచరు చెయ్యి పట్టుకుని ఆపాడు. సుద్ద రాయిని తినేస్తుందట. నీళ్లు చల్లి, అద్దంతో ఎండను పక్క నుంచి కొట్టించాడు. అరిగిపోయిన గీతలన్నీ నీడలు పట్టి లేచాయి.

ఆంటీ, ఆమె చెల్లెలు, మనవరాలు నా మొహంకేసే చూస్తున్నారు. ఊరి పేరు ఉంటుందని వాళ్ల ఆశ. తెలుగు చెక్కినవాడికి తెలుగు రాదు, తలకట్లు ఎక్కడో ఉన్నాయి. పైన ఇంగ్లీషులో ఉన్న పేరే కింద తెలుగులో ఉంది. అంతే. కాకపోతే ఒక్క తేడా: తెలుగులో పేరు చివర ‘గారు’ అని ఉంది. దాని అర్థం చెప్పడానికి నాకు కొంత సేపు పట్టింది. సర్కారు కాగితాల్లో అంకెగా బతికిన మనిషిని పిల్లలు రాతి మీద ‘గారు’ అన్నారు. తర్వాత తరాల వాళ్లు ఆ మాట చదవలేకపోయారు. ఊరి పేరు దొరకలేదన్న బాధ కాసేపు మరిచి ముగ్గురూ ‘గారు, గారు’ అని పలికి చూసుకున్నారు.

ఊరు దొరకకపోయినా తేదీ దొరికింది. ఇక్కడి పద్ధతిలో తేదీయే తాళంచెవి. పోయిన తేదీని బట్టి మరణ ధ్రువపత్రం వెతుకుతారు. ఆస్తి ఉన్నవాళ్లయితే ‘డెత్ నోటీస్’ అనే సర్కారీ ఫారం ఉంటుంది: తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, భార్య లేదా భర్త, బతికున్న పిల్లలు, ఆస్తి. చాలామంది పేదలకు ఆ ఫైలు ఉండదు. అప్పుడు పిల్లల జనన ధ్రువపత్రాలు చూస్తారు. వాటి మీద తల్లిదండ్రుల కలోనియల్ నంబర్లు రాసి ఉంటాయి. నంబరు చిక్కితే ఓడ జాబితా తెరుచుకుంటుంది. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు కాబట్టి నిమిషం పని.

పేపర్లూ తిరగేస్తారు. వర్ధంతి ప్రకటనల్లో మనవల పేర్లు, పేట పేరు దొరుకుతాయి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంతో వర్ణాన్ని బట్టి జనాన్ని విడదీసి, మనవాళ్లను తరాలుగా ఉన్న ఇళ్లలోంచి లేపి చాట్స్‌వర్త్ లాంటి కొత్త పేటలకు తోలారు. గుళ్లూ సమాధులూ పాతచోటే మిగిలాయి. చెదిరిన చుట్టాలను కలిపేవి ఆ ప్రకటనలే. తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు. 1903లో మొదలైన గాంధీ ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం ఉండేవి. తెలుగు లేదు. ఓడ ఎక్కింది మద్రాసులో గనక అందరూ ‘మద్రాసీ’లే. 1931లో ఇక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నాక గానీ మనకు వేరే గుర్తింపు రాలేదు. 1996 నాటి రాజ్యాంగంలో ప్రోత్సహించి గౌరవించాల్సిన భాషల్లో మన భాష పేరూ ఉంది. అందులోనూ ‘టెలెగు’ అని తప్పుగానే రాశారు.

సమాధి వెతకడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. డర్బన్ నడిబొడ్డున బ్రూక్ స్ట్రీట్ శ్మశానంలో బాద్షా పీర్ దర్గా ఉంది. ఆయన కూలీగా వచ్చాడనీ 1894లో పోయాడనీ చెబుతారు. మరుసటి ఏడాది సూఫీ సాహెబ్ అనే ఆయన వచ్చి, గుర్తులేని ఆ సమాధిని వెతికి పట్టి దర్గా కట్టించాడు. ఆ సూఫీ సాహెబ్ గురువు హబీబ్ అలీ షా మన హైదరాబాద్ ఆయనే. హిందువులూ చాదర్లు తెచ్చే చోటది.

ఆంటీ ముత్తవ్వ నంబరు చివరికి ఆ ముత్తవ్వ కొడుకు జనన పత్రం మీద దొరికింది. జాబితాలో జిల్లా ‘గంజాం’ అని ఉంది. ఇంట్లో గగ్గోలు. గంజాం ఒడిశాలో ఉంది కదా, మేం అసలు తెలుగువాళ్లమేనా అని మనవరాలు ఏడుపు మొహం పెట్టింది. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీదేనని, తాలూకా గడిలో ఉన్న ‘చికాకోల్’ అంటే మన శ్రీకాకుళమని చెబితే గాని కుదుటపడలేదు. ఊరి పేరు మాత్రం ఇంకా తేలలేదు. కూలీలను ఓడ ఎక్కించే మద్రాసు డిపోలో గుమాస్తా చెవికి పట్టినట్టు రాసింది. నేను నాలుగు రకాలుగా పలికితే మూడు ఊళ్లు సరిపోతున్నాయి.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి మా ముత్తాత పేరు అడిగాను. నాయిన వాళ్ల తాతనా, ఆయన పేరు... అని ఆగిపోయింది. ఆయనను మా బొందలగడ్డలో పెట్టారట. అది ఇప్పుడు ఏ పార్కింగ్ కిందో, ఏ ఫ్లైఓవర్ స్తంభం పక్కనో. మాకు కొంచెం భూమి ఉండేది కాబట్టి 1954-55 ఖాస్రా పహాణీలో ఆయన పేరు ఉర్దూలో ఉండొచ్చు. భూమి లేనివాళ్లకు ఆ గీత కూడా లేదు. పదిహేను వేల మైళ్లు దూరం పోయిన కూలీ ఊరు తాలూకా దాకా దొరుకుతోంది. ఊళ్లోనే ఉన్న మా ముత్తాత పేరు దొరకడం లేదు. (మైళ్ల లెక్క నా కోపానిది. నిజానికి డర్బన్ అందులో సగం దూరం కూడా ఉండదు.)

శ్రీకాకుళం, విజయనగరం, నెల్లూరు, చిత్తూరు వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. మన రంగే ఉండి తెలుగు రాని మనుషులు ఎవరైనా ఒక జిరాక్సు కాగితం పట్టుకుని మీ ఊళ్లో దిగితే, మాకు తెలియదని పంపేయకండి. ఆ కాగితంలో స్పెల్లింగు చూడొద్దు. గట్టిగా పైకి చదవండి, పక్కన ఒక ముసలాయనను కూర్చోబెట్టుకుని.