రూబుళ్ళ కాలపు కెమెరా

1980 ప్రాంతంలో మా విశాఖపట్నంలో ఒక మనిషి మెడలో వేలాడే కెమెరా చూస్తే అతని చుట్టాలు ఎక్కడున్నారో చెప్పెయ్యొచ్చు. యాషికా ఎలక్ట్రో అయితే బావమరిది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నట్టు. పెంటాక్స్ అయితే ఓడ మీద పనిచేసే అన్నయ్య ఉన్నట్టు, లేదా రేవులో గట్టి పరిచయాలున్నట్టు. ఆగ్ఫా క్లిక్ త్రీ బరోడాలో తయారయ్యే సరుకు, దానికి ఎవరి చుట్టరికమూ అక్కర్లేదు. నాలాంటి పోర్టు గుమాస్తా మెడలో ఉండేది జెనిట్. నాకు విదేశాల్లో ఎవరూ లేరు గానీ, సోవియట్ దేశంతో మన ప్రభుత్వానికి చుట్టరికం ఉండేది.

మన దగ్గర ఫోటోగ్రఫీ చరిత్ర చెప్పేవాళ్ళు రాజా దీన్‌దయాళ్‌తో మొదలెడతారు. ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తూ 1874లో సరదాకి కెమెరా పట్టిన మనిషి ఆయన. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టేదాకా ఎదిగాడు. గొప్ప కథే. కానీ ఆయన తర్వాత వందేళ్ళకి, ఆస్థానాలూ నవాబులూ లేని జీతగాళ్ళ చేతికి ఏ లెన్సు వచ్చింది, ఎందుకొచ్చింది అన్నది ఎవరూ రాయరు. దాన్ని మా అభిరుచి నిర్ణయించలేదు. దిగుమతి లైసెన్సులు నిర్ణయించాయి, కస్టమ్స్ సుంకం నిర్ణయించింది, ఢిల్లీకీ మాస్కోకీ మధ్య జరిగిన సంతకాలు నిర్ణయించాయి.

1953లో కుదిరిన వాణిజ్య ఒప్పందంతో మొదలై, సోవియట్ యూనియన్‌తో మన లెక్కలన్నీ రూపాయల్లోనే నడిచాయి. డాలర్ల కోసం దేవురించక్కర్లేదు. ఇక్కణ్ణించి టీ, తోళ్ళు, జనపనార, మన గుంటూరు వర్జీనియా పొగాకు వెళ్ళేవి. అక్కణ్ణించి యంత్రాలు, ఆయుధాలు వచ్చేవి. మా ఊళ్ళో అయితే ఆ రాకపోకలు కంటికి కనిపించేవి. ఇప్పుడు ఆర్.కె. బీచిలో ఇసుక మీద నిలబెట్టి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్న కుర్సురా జలాంతర్గామి 1969లో అక్కడే మన నౌకాదళంలో చేరి ఇక్కడికొచ్చిందే. ఉక్కు కర్మాగారానికి సాంకేతిక సాయమూ వాళ్ళదే. అంత పెద్ద సామాను పద్దుల అడుగున ఎక్కడో ఒక మూల కెమెరాలు కూడా ఉండేవి. పల్నాడు రైతు పొగాకు బేరన్‌లో కాల్చిన కట్టెలకీ నా ఫోటోలకీ సంబంధం ఉందంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

నా జెనిట్-ఇ 1980 మోడలు. మాస్కో ఒలింపిక్స్ గుర్తు ముందువైపు చెక్కి ఉంటుంది. మన హాకీ జట్టు బంగారు పతకం తెచ్చిన ఒలింపిక్స్ అవి, కాబట్టి ఆ గుర్తు చూపించి కొంత గొప్పలు పోయే వీలుండేది. కెమెరా మాత్రం బరువు. అద్దం పైకి లేచినప్పుడు వచ్చే చప్పుడుకి పెళ్ళిపీటల మీద పురోహితుడు మంత్రం ఆపి చూసేవాడు. షట్టర్ వేగం సెకనులో ముప్ఫయ్యో వంతు నుంచి అయిదువందలో వంతు దాకా. ఫ్లాష్ కలిసేది ఆ ముప్ఫయ్యో వంతు దగ్గర మాత్రమే. వ్యూఫైండర్‌లో కనిపించేది ఫిల్ము మీద పడే బొమ్మలో మూడింట రెండు వంతులు. దాంతో కెమెరాలు పట్టుకు తిరిగే మా మిత్రుల గుంపులో అందరి ఫోటోల్లోనూ అంచుల్లో ఎవరిదో మోచెయ్యి వచ్చి కూర్చునేది.

ఈ కెమెరా పుట్టుక తెలిసినప్పుడు దాని మీద గౌరవం పెరిగింది. ఆస్కర్ బార్నాక్ కనిపెట్టిన లైకా 1925లో లైప్‌జిగ్ సంతలో బజారుకొచ్చింది. ఖార్కొవ్‌లో అనాథ పిల్లల శ్రామిక కమ్యూను 1934 నుంచి ఆ లైకాకి నకలు తీస్తూ ఫెడ్ అన్న పేరుతో కెమెరాలు చేసింది. యుద్ధం అయ్యాక మాస్కో పక్కన క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ అదే నమూనాతో జోర్కీ తయారుచేసింది. 1952లో ఆ జోర్కీ కడుపులో ఒక అద్దమూ పైన ఒక ప్రిజమూ పెడితే మొదటి జెనిట్ అయింది. ఒళ్ళు లైకా ఊరైన వెట్స్‌లార్‌దన్నమాట.

కన్ను యేనాది. 1945 ఏప్రిల్‌లో యేనా పట్టణంలోకి ముందుగా వచ్చినవాళ్ళు అమెరికా సైనికులు. ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతాన్ని సోవియట్ సేనకి అప్పగించాలి. అప్పగించే ముందు కార్ల్ జైస్ కంపెనీ శాస్త్రవేత్తల్ని, పెద్ద ఇంజనీర్లని కుటుంబాలతో సహా పడమటికి తరలించేశారు. తర్వాత వచ్చిన సోవియట్ వాళ్ళకి మిగిలింది యంత్రాలూ, పనివాళ్ళూ, డ్రాయింగులూ. యుద్ధ నష్టపరిహారం కింద యంత్రాలు ఊడదీసి రైళ్ళకెక్కించారు. కాంటాక్స్ కెమెరా తయారయ్యే సరంజామా కీవ్ చేరి కీవ్ కెమెరా అయింది. 1946 అక్టోబరులో మిగిలిన నిపుణుల్ని కూడా రైలెక్కించారు. వాళ్ళ ఇష్టాయిష్టాలు అడిగినవాళ్ళు లేరు. జైస్‌వారి బియోటార్ 58 మిల్లీమీటర్ల లెన్సు అలా క్రాస్నోగోర్స్క్‌లో మళ్ళీ పుట్టింది. 1958లో స్టార్ట్ అన్న కెమెరాకి తగిలించే నాటికి దాని పేరు హీలియోస్-44. నా జెనిట్ మీద ఉన్నది దాని తమ్ముడు 44-2.

ఆ లెన్సుకి రెండు రింగులు. ఒకటి ఎఫ్ ఎనిమిదో, పదకొండో ముందే పెట్టి ఉంచడానికి. రెండోది తెరవడానికి, మూయడానికి. ఎఫ్ టూ దగ్గర పూర్తిగా తెరిచి, వెలుతురులో ఫోకస్ చేసుకుని, రెండో రింగు ఆగేదాకా తిప్పి, అప్పుడు నొక్కాలి. లాసన్స్ బే దగ్గర జాలర్లు తెప్ప అలల్లోకి తోస్తుంటే ఈ తతంగం అయ్యేలోపు అలా పోయేది, తెప్పా పోయేది. అందుకని మేం ముందే ఎఫ్ ఎనిమిదికి మూసి, దూరం కంటితో లెక్కకట్టి, లెన్సు మీద మీటర్ల అంకెలు చూసి పెట్టుకుని కాచుక్కూర్చునేవాళ్ళం. షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే మా మిత్రుడు ఎదటి మనిషి ఎన్ని అడుగుల్లో ఉన్నాడో టేపు పెట్టినట్టు చెప్పేవాడు.

జెనిట్ మీటరు సెలీనియంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఉన్నవాళ్ళు దాని పాదరసపు బ్యాటరీ కోసం మళ్ళీ ఓడ వచ్చేదాకా ఆగాల్సివచ్చేది, మేం మాత్రం మీసం మెలేసేవాళ్ళం. కానీ అది లెన్సులోంచి చూడదు, ముఖం మీద గాజుగడ్డలా కూర్చుని ఎదర ఏముంటే అది చూస్తుంది. సముద్రం దగ్గర ఆకాశాన్ని చూసి మోసపోయి, మనుషుల్ని బొగ్గుల్ని చేసేది. దానికి మందు, అరచెయ్యి అడ్డంపెట్టి కొలిచి ఒక స్టాప్ ఎక్కువ తెరవడం.

ఫిల్ము సంగతి ఇంకా చిత్రం. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ఇందు అన్న పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, బ్రోమైడ్ పేపరు తీసేది. దుమ్ములేని చల్లటి గాలి కోసం కొండమీద పెట్టారు. అది దొరకనప్పుడు తూర్పు జర్మనీ ఓర్వో. ఇది కూడా రూపాయి వ్యాపారపు సరుకే. దీని ఫ్యాక్టరీ వోల్ఫెన్‌లోది, నిజానికి అసలు ఆగ్ఫా వాళ్ళది. యుద్ధం తర్వాత తూర్పున ఒక ఆగ్ఫా, పడమట ఒక ఆగ్ఫా మిగిలి, 1964లో తూర్పు వాళ్ళు పేరు మార్చుకున్నారు. బరోడా క్లిక్ త్రీ పడమటి ఆగ్ఫా సంతానం. ఆ క్లిక్‌లో ఓర్వో రోలు వేసుకుని మావాళ్ళు కైలాసగిరి ఎక్కితే, జర్మనీతోపాటే రెండుగా విడిపోయిన కుటుంబం విశాఖలో ఒకే డబ్బాలో కలుసుకున్నట్టే. ఈ ముక్క మా గుంపులో చెప్తే ఒకాయన, "ఏటండీ మాష్టారూ, ముందు రోలు ఎక్స్‌పైరీ చూసుకోండి" అన్నాడు.

డెవలపర్ మేమే కలిపేవాళ్ళం. లీటరుకి మెటాల్ రెండు గ్రాములు, సోడియం సల్ఫైట్ వంద, హైడ్రోక్వినోన్ అయిదు, బొరాక్స్ రెండు. అదే డి-76. లాబొరేటరీ సామాన్ల కొట్లో కొని, కాలేజీ త్రాసు మీద తూచేవాళ్ళం. పుస్తకం ఇరవై డిగ్రీలంటుంది, మే నెలలో మా కుళాయి నీళ్ళు ముప్ఫై దాటతాయి. బేసిన్‌లో ఐసు గడ్డలు వేసి ట్యాంకు అందులో కూర్చోబెట్టి, థర్మామీటరు వంక జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూసేవాళ్ళం. సముద్రపు తేమకి లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్ పట్టేది. బీరువాలో చిన్న బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉంచడం మా అందరిళ్ళ ఆచారం.

మాకు కలిసొచ్చింది ఒకే ఒక్క విషయం. జెనిట్‌కీ, డ్రెస్డెన్ ప్రాక్టికాకీ, పాత పెంటాక్స్‌కీ లెన్సు బిగించే మర ఒకటే, 42 మిల్లీమీటర్లది. అందుకని కమ్యూనిస్టు కెమెరాకి జపాన్ లెన్సు నిక్షేపంగా పట్టేది. ఓడల వాళ్ళు తెచ్చిన పెంటాక్స్ లెన్సు టకుమార్ 135 ఒక ఆదివారం నా దగ్గర, మరో ఆదివారం మెడికల్ కాలేజీ డాక్టరుగారి దగ్గర ఉండేది. పెద్ద బ్రోమైడ్ ప్రింట్లు కట్టి సలోన్లకి, అంటే ఫోటోల పోటీలకి, పంపేవాళ్ళం. వెనక ఏ లెన్సో రాస్తే జడ్జీలు చులకన చేస్తారని కొందరు రాసేవారు కాదు.

హీలియోస్‌లో మేం దోషం అనుకున్నది ఒకటుంది. ఎఫ్ టూ దగ్గర తీస్తే మనిషి వెనకాల ఆకులన్నీ సుడి తిరిగినట్టు వస్తాయి. అంచుల్లో వెలుగుచుక్కలు లెన్సు గొట్టం అడ్డొచ్చి పిల్లికళ్ళలా నొక్కుకుపోతాయి, ఫోకస్ తలం వంపు కూడా దానికి తోడవుతుంది. సుడి కనపడితే సలోన్‌లో మార్కులు పోయినట్టే. కాబట్టి ఎప్పుడూ మూసి తీసేవాళ్ళం.

1991 చివర సోవియట్ యూనియనే లేకుండా పోయింది. గుంటూరు పొగాకు బేళ్ళు కొనేవాడు లేక పడున్నాయి, దుకాణాల్లో జెనిట్లూ మాయమయ్యాయి. అప్పటికే కలర్ ల్యాబులొచ్చి డార్క్‌రూములు మళ్ళీ స్నానాల గదులైపోతున్నాయి.

ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు మిర్రర్‌లెస్ కెమెరాలతో వస్తున్నారు. సోనీలో లెన్సు బిగించే అంచుకీ సెన్సరుకీ మధ్య దూరం 18 మిల్లీమీటర్లు, మా పాత మరకి 45.46. మధ్యలో ఒక ఖాళీ గొట్టం పెడితే చాలు, హీలియోస్ పట్టేస్తుంది. వాళ్ళకి కావలసింది ఆ సుడే. దానికోసం డబ్బిచ్చి కొంటున్నారు. క్రాస్నోగోర్స్క్, వాల్దాయ్, మిన్స్క్, ఇలా మూడు చోట్ల ఈ లెన్సు తయారైందని నాకు చెప్పింది కూడా ఒక ఇంజనీరింగ్ కుర్రాడే. నా లెన్సు తిప్పి ప్రిజం గుర్తు చూసి, "క్రాస్నోగోర్స్క్‌దే తాతగారూ, నంబరు 80తో మొదలైంది, ఆ ఏటిదే" అన్నాడు. మొబైల్ టార్చి వెనకనుంచి వేసి ఫంగస్ ఎంతుందో చూశాడు. అంచున కొంచెం ఉంది. అయినా మంచి ధరే చెప్పాడు. లెన్సు ఇవ్వను, కావాలంటే ఒలింపిక్ గుర్తున్న బాడీ ఊరికే తీసుకుపో అన్నాను. చేత్తో ఎత్తి చూసి, బరువుందని వద్దన్నాడు.