ఐదున్నర నిమిషాల పరుగు, నాలుగేళ్ల కొలువు

తెల్లవారుజాము నాలుగున్నర. అమీర్‌పేటలో మైత్రీవనం ఎదుట, మెట్రో వంతెన కింద మీరు నిలబడి ఉన్నారు. పగలైతే ఇక్కడ కాలు పెట్టే సందుండదు. జావా, పైథాన్, డేటా సైన్స్ అంటూ కరపత్రాలు చేతిలో కుక్కే కుర్రాళ్లు మీదికొస్తారు. ఈ వేళలో మాత్రం ఆ కరపత్రాలన్నీ మంచుకు తడిసి రోడ్డుకు అతుక్కుపోయి ఉన్నాయి. టీ బండాయన స్టవ్ అంటిస్తున్నాడు. పక్క సందులో హాస్టల్ గేటు కిర్రుమంది. నిక్కర్లూ, మడమల దగ్గర అరిగిన బూట్లూ వేసుకున్న ఐదారుగురు కుర్రాళ్లు బయటికొచ్చారు. ఒకడు ఫోన్లో స్టాప్‌వాచ్ సున్నాకు తెచ్చుకుంటున్నాడు.

"నిన్న ఐదు నలభై రెండు అయిందన్నా. ఇంకో పన్నెండు సెకన్లు తగ్గాలె."

ఆ పన్నెండు సెకన్ల విలువ పన్నెండు మార్కులు. సైన్యంలో నాలుగేళ్ల కొలువుకు జరిపే అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే 60 మార్కులు, అది దాటి 5:45 దాకా అయితే 48. పది బీమ్‌లు (పుల్-అప్‌లు) తీస్తే 40. తొమ్మిదడుగుల గుంత దూకాలి. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, అందులో గట్టెక్కినవాళ్లకే ర్యాలీ. ఊళ్లో చెరువుకట్ట మీద పరుగు నేర్చినవాళ్లు లెక్కలూ, రీజనింగూ నేర్చుకోవడానికి నగరానికి రావడం అందుకే. పొద్దున కాళ్లకు పని, పగలు బుర్రకు పని, రాత్రి పదిమంది పడుకునే గదిలో పై మంచం.

వాళ్ల వెనకే పంజాగుట్ట వైపు నడవండి. బండ్లు లేని ఈ గంటలో రోడ్డు వెడల్పు తెలుస్తుంది. పడమటికి తిరిగి చూస్తే ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, పటాన్‌చెరు, జహీరాబాద్ దాటి షోలాపూర్ దాకా పోయే పాత దారి ఇది. దీని పక్కనున్న నేలలో చాలా భాగానికీ సిపాయి జీతానికీ సంబంధముంది. అమీరే కబీర్ బిరుదున్న ‘పైగా’ వంశపు ప్రభువుల పేరు మీదే అమీర్‌పేట వెలిసిందంటారు. నిజాంకు గుర్రపు దళాలను పోషించి పెట్టడం ఆ వంశం బాధ్యత. అందుకు బదులుగా వాళ్లకు దక్కిన జాగీర్లు సుమారు 4,000 చదరపు మైళ్లు. రౌతుకూ గుర్రానికీ తిండి పెట్టిన రైతులెవరో ఏ చరిత్ర పుస్తకమూ రాయలేదు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో ఆ ఏర్పాటు ముగిసింది.

సిపాయి జీతం బాకీపడితే రాజ్యం ఏమవుతుందో ఈ నగరానికి తెలిసినంతగా మరో నగరానికి తెలియదేమో. హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక సైన్యముండేది. ఖర్చు నిజాంది, ఆజ్ఞ ఇంగ్లిష్ అధికారులది. జీతాల బాకీ పెరిగి పెరిగి, 1853 ఒప్పందంతో నిజాం బేరార్‌ను ఈస్టిండియా కంపెనీ చేతుల్లో పెట్టవలసి వచ్చింది. పత్తి పండే ఆ నల్లరేగడి అంతా అలా చేజారింది. ఆ సైన్యపు వారసుల్లో ఒకటి 19వ హైదరాబాద్ రెజిమెంట్. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. 1947 నవంబరు 3న కశ్మీరులోని బద్గాంలో ప్రాణాలిచ్చి, దేశంలో మొట్టమొదటి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరిన రోజున ఆయన పటాలం పేరు హైదరాబాదే. ఆ పేరు మనం మర్చిపోయాం. మర్చిపోవలసింది కాదు.

కుర్రాళ్లు ఫ్లైఓవర్ దగ్గర ఆగారు. మోకాళ్ల మీద చేతులు పెట్టి వగరుస్తున్నారు. స్టాప్‌వాచ్ చూసినవాడు తల అడ్డంగా ఊపాడు. ఐదు నలభై.

ఇక్కణ్ణుంచి కుడికి తిరిగి నాగార్జున సర్కిల్ మీదుగా దిగితే మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ వస్తుంది. బస్సు కండక్టర్ రోజూ అరిచే ఆ పేరు నిజాం అశ్వదళానిది. 1914లో హైదరాబాద్ లాన్సర్లు ఓడలెక్కి ఈజిప్టు వెళ్లారు, సూయజ్ కాలువ కాపలా కాశారు, పాలస్తీనా దాకా పోయారు. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు హైఫా పట్నం మీదికి గుర్రాలు దూకించినప్పుడు, అదే బ్రిగేడులోని మనవాళ్లకు యుద్ధ ఖైదీలను చూసుకునే పని పడింది. ఢిల్లీ తీన్‌మూర్తి చౌకులోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సిపాయిది. ఆ పేరున్న బస్తీలో మాత్రం అలాంటి విగ్రహం లేదు.

తూర్పు తెల్లబడుతోంది. షోలాపూర్ రోడ్డు వైపు మరోసారి చూడండి. 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో భారత సేన అటునుంచే నిజాం రాజ్యం మీదికి బయల్దేరింది. 17 సాయంత్రానికి కాల్పులు ఆగాయి, 18న నగర శివార్లలో జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. రజాకార్ల చేతిలో చితికిన ఊళ్లకు ఆ ట్యాంకులు ప్రాణం పోశాయి. ఇది నిజం. తర్వాత, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో, ముస్లింల మీద సాగిన ఊచకోతలో, రాష్ట్రం మొత్తం మీద తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. కొన్నిచోట్ల సైనికులే దోపిడీని ఉసిగొల్పారని, మరికొన్నిచోట్ల సైనికాధికారులే అడ్డం నిలబడి కాపాడారని కూడా ఆ కమిటీ రాసింది. ఇదీ నిజమే. అదే సైన్యం ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టు దళాలను వేటాడింది, 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా. రేపు యూనిఫాం తొడిగే ఈ కుర్రాళ్లకు జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఈ 1948 చర్య ‘ఆపరేషన్ పోలో’ అనే పేరుతో ఒక తేదీగా వస్తుంది. రెండు నిజాలనూ కలిపి చెప్పే గురువు వాళ్లకు దొరకాలని నా కోరిక. తుపాకి చేతికొచ్చే ముందే తెలియవలసిన పాఠమది.

ఏడింటికి మెస్‌లో ఇడ్లీ, పల్లీ చట్నీ. గోడ మీది టీవీ మోగుతూనే ఉంది. పక్క బల్ల మీద వాదన మొదలైంది. 2022 జూన్ 14న అగ్నివీర్ల పథకం అగ్నిపథ్‌ను ప్రకటించారు, మూడు రోజులకు సికింద్రాబాద్ స్టేషన్లో రైలుపెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. వీళ్లలో ఒకడి అన్న ఆ ఏడు పరీక్ష కోసం ఎదురుచూసి వయసు దాటిపోయినవాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. పథకం లెక్క అందరికీ నోటికొచ్చు: మొదటి ఏడు నెలకు 30,000, నాలుగో ఏడు 40,000, అందులో ముప్పై శాతం నిధికి కోత, నాలుగేళ్లకు సర్కారు వాటా, వడ్డీ కలిపి సుమారు 11.71 లక్షలు. పింఛను లేదు. నూటికి ఇరవై అయిదుగురికి మించి ఉంచుకోరు.

"మురళీ నాయక్ గూడ అగ్నివీరే కదా," అన్నాడొకడు, ఇడ్లీ తుంచుతూ. బల్ల చుట్టూ మాట ఆగింది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ అతను. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో ప్రాణం వదిలాడు. సరిహద్దులో గుండుకు నాలుగేళ్లవాడూ, ఇరవయ్యేళ్లవాడూ ఒక్కటే.

పదింటికి సోమాజీగూడ రండి. రాజ్‌భవన్ రోడ్డులోని సైనిక్ ఆరామ్‌ఘర్ దగ్గర కాగితాల కవర్లు చంకన పెట్టుకున్న మాజీ సైనికులుంటారు. పిల్లల స్కాలర్‌షిప్పు, పింఛనులో తేడా, భార్య పేరులో అక్షరం తప్పు, ఇలాంటి పనులు. మీతో వచ్చిన కుర్రాడు ఒక రిటైర్డ్ హవల్దార్‌కు నమస్తే పెట్టి అడిగాడు: "సార్, నాలుగేండ్లు చేసి వస్తే మాకు గూడ ఎక్స్ సర్వీస్‌మెన్ కార్డు ఇస్తరా?"

"ఇయ్యరు బిడ్డా. క్యాంటీన్ లేదు, మిలిటరీ దవాఖాన గూడ లేదు. కేంద్ర బలగాల్ల రిజర్వేషన్ అన్నరు, అది మాత్రం అడుగు." ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "పోవద్దని చెప్తలేను. నేను పోయిన, బాగుపడ్డ. కానీ డిగ్రీ ఆపకు. డిశ్చార్జ్ కాగితాలు రెండు సెట్లు జిరాక్స్ తీసి మీ అమ్మ దగ్గర పెట్టు."

మొదటి విడత అగ్నివీరులకు 2026 చివర్లో నాలుగేళ్లు నిండడం మొదలవుతుంది. తిరిగొచ్చేవాళ్లకు ఇరవై దాటిన వయసూ, తుపాకి పట్టిన చేతులూ ఉంటాయి. వాళ్లను మాజీ సైనికులుగా గుర్తించాలని అడగవలసింది వాళ్లు మాత్రమే కాదు, వాళ్ల కాపలాలో నిద్రపోయిన మనమూ. బేరార్ పోగొట్టుకున్న రాజ్యం రాజధానిలో ఉండి ఆ మాట అడగకపోతే ఎలా?

కుర్రాడు హవల్దార్ ఫోన్ నంబరు రాసుకున్నాడు. పదకొండింటికి రీజనింగ్ క్లాసుంది, మెట్రోకు డబ్బులు దండగని నడిచే బయల్దేరాడు.