జ్వరం తగ్గిన తరువాత

జ్వరం తగ్గి రెండు నెలలైంది. దగ్గు కూడా పోయింది. అయినా మెట్లెక్కితే ఆయాసం, నాలుగు పుటలు చదివితే తలబరువు, రాత్రి నిద్ర పట్టదు. పరీక్షల్లో అన్నీ సవ్యంగానే ఉన్నాయంటారు. ఈ స్థితిలో ఉన్నవారు పాఠకుల్లో కొందరైనా ఉంటారు. ఇది కోవిడ్‌తో పుట్టిన బాధ అని చాలామంది అభిప్రాయం. దీని వయసు అంతకంటే చాలా ఎక్కువ.

1889 చివర రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక ఇన్‌ఫ్లుయెంజా చెలరేగింది. రైళ్లలో, ఓడలలో మనుషుల వెంటే ప్రయాణించి కొద్ది నెలల్లో ఐరోపానూ అమెరికానూ చుట్టబెట్టింది. తరువాతి ఏళ్లలో మళ్లీ మళ్లీ వచ్చింది. జనం దానిని ‘రష్యన్ ఫ్లూ’ అన్నారు. జ్వరం కొద్ది రోజులదే. ఆ వెనుక వచ్చిన నీరసం, నిద్రలేమి, నరాల నొప్పులు, దిగులు వైద్యులను ఎక్కువగా కలవరపెట్టాయి. లండన్‌లో పేరుమోసిన గొంతు వైద్యుడు సర్ మోరెల్ మెకెంజీ ఈ వ్యాధి నరాలపై చూపే ప్రభావాన్ని గురించి 1891లోనే రాశాడు.

1895 ఆరంభంలో బ్రిటన్ ప్రధాని లార్డ్ రోజ్‌బరీకి ఇన్‌ఫ్లుయెంజా సోకింది. జ్వరంతోపాటు నిద్ర కూడా పోయింది. వారాల తరబడి తిరిగి రాలేదు. రాజకీయ ఒత్తిడి దానికి తోడై ఉండవచ్చు. శరీరమూ మనసూ వేర్వేరు ఇళ్లలో కాపురముండవు కదా!

ఆయన ప్రధాని కనుక ఆయన నిద్రలేమి చరిత్రకెక్కింది. మన దేశంలో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు కనీసం కోటీ ఇరవై లక్షల మంది బలయ్యారని అంచనా. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా అంతకు పదేళ్ల కిందటికంటే తగ్గింది. చనిపోయినవారి జాడ అంకెల్లో అలా మిగిలింది. బతికి, మళ్లీ నాగలి పట్టలేకపోయినవారు ఎందరో ఆ లెక్కలు చెప్పవు.

లెక్కలోకి రాకపోవడం ఒక ఎత్తు, నమ్మకపోవడం మరో ఎత్తు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బందిలో దాదాపు 300 మంది జబ్బుపడ్డారు. తలనొప్పి, గొంతునొప్పితో మొదలైన ఆ జబ్బు కొందరిని నెలల తరబడి కుంగదీసింది. కారణమైన క్రిమి దొరకలేదు. పదిహేనేళ్ల తరువాత, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు ఆ రోగులను పరీక్షించకుండానే, పాత కేసు కాగితాలు తిరగవేసి, అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. రోగుల్లో స్త్రీలు ఎక్కువగా ఉండటం వారు చూపిన కారణాల్లో ఒకటి! ఈ వాదన నాకు వైద్యంగా తోచదు.

2020 మే నెలలో ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరెగో తన అనుభవాన్ని చెబుతూ ‘లాంగ్ కోవిడ్’ అన్న మాట వాడింది. పేరు పెట్టింది వైద్యులు కారు, రోగి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచనమిచ్చింది: సాధారణంగా వ్యాధి మొదలైన మూడు నెలలకు కనిపించి, కనీసం రెండు నెలలు నిలిచే, మరో కారణంతో వివరించలేని లక్షణాలు.

ఆ ‘మరో కారణం’ వెదకడం మన దగ్గర మరీ ముఖ్యం. క్షయ, రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం ఇలాగే నీరసంగా కనబడతాయి. ఛాతీనొప్పి, పెరుగుతున్న ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయకండి. తక్కినవారు శ్రమ తరువాత మరునాడు కూలబడిపోతుంటే పట్టుదలకు పోక పనిని ముక్కలు చేసుకోండి. వైద్యుని వద్దకు వెళ్లేముందు జ్వరం వచ్చిన తేదీ, అంతకుముందు సునాయాసంగా చేసి ఇప్పుడు చేయలేకపోతున్న పనులు ఒక కాగితంపై రాసి తీసుకువెళ్లండి.