డాక్టరుగారికో ఉత్తరం

డాక్టర్లు ప్రశ్నలు వేసేవాళ్ళే గాని జవాబులు చెప్పేవాళ్ళు కారు. జ్వరం ఎన్నాళ్ళనుంచి, ఏం తిన్నారు అని వాళ్ళడగాలి, మనం చెప్పుకోవాలి. అలాంటివాళ్ళకి ఎదురు ప్రశ్నలు పోస్టులో పంపి జవాబు రాబట్టడమంటే మాటలా! 1951 అక్టోబరు నెలాఖరున బ్రిటన్‌లో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్, రిచర్డ్ డాల్ అనే ఇద్దరు ఆ పనికి పూనుకున్నారు.

హిల్ డాక్టరు కాడు. కావాలనుకున్నాడు గాని, మొదటి ప్రపంచయుద్ధంలో క్షయ పట్టుకుని మంచాన పడేసింది. పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఎకనామిక్సు డిగ్రీ పుచ్చుకున్నాడు. పోస్టు మహిమ అతనికి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

ఊపిరితిత్తుల కేన్సరుకీ సిగరెట్లకీ చుట్టరికం ఉందని 1950లోనే ఇద్దరూ రాశారు. అది ఆసుపత్రుల్లో రోగుల నడిగి తేల్చిన మాట. జబ్బు పడ్డాక కాదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి, ఆ తర్వాత ఎవరికేమవుతుందో కనిపెట్టాలనుకున్నారు. డాక్టర్లయితే పేర్లు రిజిస్టరులో ఉంటాయి, ఎక్కడున్నా ఆచూకీ తెలుస్తుంది.

దాదాపు 59,600 ఉత్తరాలు వెళ్ళాయి. ప్రశ్నలు మాత్రం బహు కొద్ది. పొగ తాగుతున్నారా, మానేశారా, అసలు అలవాటే లేదా? తాగితే ఏ వయసున మొదలు, ఎంత? అంతే! ఇంకో నాలుగు అడగాలని ఎవరికుండదు? కాని ఫారం పొడుగైతే బల్లమీదే ఉండిపోతుంది, జవాబులు రాకపోతే పనంతా వృథా. అందుకని కావాలనే కుదించారు. పనికొచ్చే జవాబులు 40,701 వచ్చాయి. అందులో ఆరువేల పైచిలుకు ఆడ డాక్టర్లవి.

రానివాళ్ళ సంగతో? మంచాన ఉన్నవాడు ఫారమేం నింపుతాడు! అందుకే మొదట్లో జవాబిచ్చినవాళ్ళలో చావులు తక్కువగా కనిపించాయి. అదీ లెక్కలోకి తీసుకున్నారు.

1954లో మొదటి ఫలితం వచ్చింది. ముప్పై అయిదు దాటిన మగ డాక్టర్లలో 789 మంది పోయారు. వాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సరుతో పోయినవాళ్ళు 36 మంది. వాళ్ళలో పొగ తాగనివాడు ఒక్కడూ లేడు.

1957లో మళ్ళీ రాశారు. ఆ తర్వాతా రాస్తూనే ఉన్నారు. ఒకసారి జవాబిచ్చినవాళ్ళు చుట్టాలైపోయారు కాబోలు, బతికున్నవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా తిరిగి జవాబిచ్చారు! ఆడవాళ్ళ లెక్క మాత్రం ఇరవై రెండేళ్ళతో ఆపేశారు. ఇక్కడా మనకి చిన్నపీటే.

ఆఖరి ఉత్తరం 2001లో వెళ్ళింది. హిల్ 1991లోనే పోయాడు. 2004లో యాభై ఏళ్ళ లెక్క అచ్చయ్యేసరికి డాల్‌కి తొంభై ఒకటి. మానకుండా సిగరెట్లు తాగినవాళ్ళు సగటున పదేళ్ళు ముందుగా పోయారని తేలింది. ముప్పయ్యో ఏట మానితే ఆ పదేళ్ళూ దాదాపు దక్కుతాయిట. అరవయ్యో ఏట మానినా మూడేళ్ళు.