పీయూష గ్రంథి కొలత: ఎముక గుంట నుంచి గ్రంథి దాకా

మెదడు అడుగున, స్ఫీనాయిడ్ అనే ఎముకలోని చిన్న గుంటలో ఒదిగి ఉండే పీయూష గ్రంథి, బరువుకు సుమారు అర గ్రామే అయినా, శరీరపు ఎదుగుదలను, ఋతుక్రమాన్ని, చనుబాల ఉత్పత్తిని శాసిస్తుంది కనుక, దాని ఎత్తులో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కూడా వైద్యుడికి విలువైన సమాచారమే. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రేలను కనుగొన్న నాలుగేళ్లకే, జర్మన్ నాడీవైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్, కాళ్లూ చేతులూ దవడా అతిగా పెరిగే ఆక్రోమెగలీ వ్యాధిలో ఈ గుంట విశాలం కావడాన్ని ఎక్స్‌రేలో చూపాడు. మెత్తని కణజాలం ఎక్స్‌రేలో విడిగా కనిపించదు కాబట్టి, ఆ తరువాత దశాబ్దాల పాటు గుంట కొలతనే గ్రంథి కొలతగా భావించవలసి వచ్చింది. గుంట పొడవు, లోతు, వెడల్పులను గుణించి సగం చేస్తే దాని ఘనపరిమాణం వస్తుందని 1962లో డి కీరో, నెల్సన్ ప్రతిపాదించారు. అయితే విశాలమైన గుంటలో గ్రంథి అణగి పలచబడిన రోగుల విషయంలో ఈ లెక్క వైద్యులను తప్పుదారి పట్టించేది.

1970లలో సీటీ, 1980లలో ఎం.ఆర్.ఐ. వచ్చాకే గ్రంథి నేరుగా కంటికి చిక్కింది. తలను నడిమికి నిలువునా చీల్చినట్టు చూపే చిత్రంలో ఎత్తునూ పొడవునూ, ఒక చెవి వైపు నుంచి మరో చెవి వైపుకు చూపే చిత్రంలో వెడల్పునూ కొలుస్తారు. ఎముక గుంట కోసం పుట్టిన సూత్రమే నేడు గ్రంథికీ వాడుకలో ఉండడం గమనించదగిన విషయం. రేడియాలజిస్టు అలెన్ ఎల్‌స్టర్ పేరిట స్థిరపడిన నియమం ప్రకారం గ్రంథి ఎత్తు పిల్లల్లో 6, పురుషుల్లోనూ ముట్లుడిగిన స్త్రీలలోనూ 8, సంతాన వయసు స్త్రీలలో 10, నిండు గర్భిణుల్లోనూ బాలింతల్లోనూ 12 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు. గర్భకాలంలో ఇలా పెరిగిన గ్రంథి, కాన్పులో విపరీతంగా రక్తం పోతే చచ్చుబడవచ్చు. అలా జరిగితే పాలు పడక, ముట్లు తిరిగి రాక, వదలని నీరసంతో ఆ తల్లి ఏళ్ల తరబడి బాధపడుతుంది. 1937లో హెరాల్డ్ షీహన్ వర్ణించిన ఈ వ్యాధిలో గ్రంథి క్రమంగా కుంచించుకుపోవడం ఎం.ఆర్.ఐ.లో స్పష్టంగా తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే మర్రిచెట్ల రహదారి మీది మొయినాబాద్, చేవెళ్లలకూ ఈ కొలతల చరిత్రలో చోటు దక్కాలి. మొయినాబాద్‌లో భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాల వెలసి, వాటి బోధనాసుపత్రులకు చుట్టుపక్కల పల్లెల రోగులు వస్తున్న ఈ కాలంలో, పరాయి దేశాల రోగుల నుంచి తీసిన కొలతలతోనే ఇక్కడి స్త్రీల గ్రంథిని తూచడం సరికాదు. తలనొప్పి వంటి కారణాలతో తీసిన స్కాన్లలో గ్రంథి ఆరోగ్యంగా ఉన్నవారి కొలతలను వయసు, కాన్పుల సంఖ్యతో పాటు నమోదు చేసే పనిని ఇక్కడి రేడియాలజీ విభాగాలు చేపట్టాలి. కాన్పులో ఎక్కువ రక్తం పోయిన తల్లుల కొలతలను విడిగా రాసిపెట్టాలి.