వాహన మార్గదర్శిని

వాహన మార్గదర్శిని లేదా నావిగేషన్ పరికరం అనగా ఉపగ్రహ సంకేతాల ఆధారంగా వాహనం ఉన్న చోటును కనుగొని, దానిని పటంపై చూపుతూ, చేరవలసిన చోటికి మలుపు మలుపునా దారి చెప్పే సాధనం. ఒకే గమ్యానికి వెళ్ళేటప్పుడు ఏ మార్గదర్శిని అయినా ఇంచుమించు ఒకే విధంగా పనికివస్తుంది. దారిలో నాలుగైదు చోట్ల ఆగుతూ సాగే ప్రయాణంలో మాత్రం వీటి మధ్య తేడాలు బయటపడతాయి. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన ఉన్న చాంద్రాయణగుట్ట నుండి శ్రీశైలం వెళ్ళే దారి ఇందుకు తగిన ఉదాహరణ.

పనిచేసే విధానం

అమెరికాకు చెందిన జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నవి. ఒక్కొక్క ఉపగ్రహం తన స్థానాన్నీ, సమయాన్నీ రేడియో సంకేతంగా పంపుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందినచో, అవి చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి పరికరం తానున్న చోటును లెక్కగడుతుంది. పరికరం ఉపగ్రహానికి ఏమీ పంపదు, వినడమే దాని పని. అందువలన ఫోనుకు సిగ్నలు లేని చోట కూడా స్థానం తెలుస్తుంది. సిగ్నలు లేకపోతే అందనిది పటం మాత్రమే. ఈ రెంటికీ గల తేడా తెలియకపోవడం వలననే చాలామంది "అడవిలో జీపీఎస్ పనిచేయదు" అని అనుకొంటారు.

మొదట పౌరులకు అందే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత దోషాన్ని కలిపేది. 2000 మే నెలలో దానిని తొలగించిన తరువాతనే కార్లలో వాడే పరికరాలు నిజంగా ఉపయోగపడసాగాయి. భారతదేశపు సొంత వ్యవస్థ అయిన నావిక్ కొరకు తొలి ఉపగ్రహాన్ని ఇస్రో 2013 జూలై 1న ప్రయోగించినది. 2016లో దీనికి నావిక్ అని పేరు పెట్టారు.

భారతదేశంలో

గార్మిన్, టామ్‌టామ్ వంటి విదేశీ సంస్థల పరికరాలు 2000 దశకంలో పేరు పొందినవి. అయితే పరికరం ఎంత మంచిదైనా, లోపలి పటంలో మన వీధులు లేనిదే ప్రయోజనం లేదు. ఆ లోటును తీర్చినవారిలో 1995లో స్థాపించబడిన మ్యాప్‌మైఇండియా ముఖ్యమైనది. హైదరాబాదుకు చెందిన శాట్‌నావ్ టెక్నాలజీస్ కూడా శాట్‌గైడ్ అనే పేరుతో మార్గదర్శినిని రూపొందించినది. పటాల తయారీపై ఉన్న ఆంక్షలను కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో చాలావరకు సడలించినది. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తరువాత విడి పరికరాల వాడకం బాగా తగ్గినది.

బస్సులకు, ట్యాక్సీలకు బిగించే జీపీఎస్ పెట్టె వేరు. అది బండి ఎక్కడున్నదో యజమానికి, అధికారులకు తెలుపుతుంది తప్ప డ్రైవరుకు దారి చూపదు. కొనేటప్పుడు ఈ రెంటినీ కలగాపులగం చేసుకోరాదు.

చాంద్రాయణగుట్ట నుండి శ్రీశైలం

చాంద్రాయణగుట్ట కూడలి వద్ద చార్మినార్, ఫలక్‌నుమా వైపు నుండి వచ్చే రోడ్డును ఇన్నర్ రింగ్ రోడ్డు కలుస్తుంది. ఇక్కడి ఫ్లైఓవరును 2022లో పొడిగించారు. దానికి ముందటి పటం ఉన్న పరికరం ఇక్కడనే తడబడే అవకాశమున్నది. పటం కొత్తదే అయినా, ఫ్లైఓవరు పైనా కిందా ఉన్న రోడ్లు ఒకే అక్షాంశ రేఖాంశాలపై ఉండటం వలన బండి దేనిపై ఉన్నదో పరికరం కొంతసేపు గుర్తించలేకపోవచ్చు. వంతెన ఎక్కే ముందు బోర్డు చూడటమే మేలు.

ఇక్కడి నుండి బార్కస్, పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు చేరి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా దోమలపెంట, ఈగలపెంట దాటి శ్రీశైలం వెళ్తారు. హైదరాబాదు నుండి మొత్తం దూరం 210 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. కడ్తాల్ దగ్గరి మైసిగండి, రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరం, అడవిలోని ఫరహాబాద్, మల్లెలతీర్థం, శ్రీశైలం ఆనకట్ట యాత్రికులు సాధారణంగా ఆగే చోట్లు. మన్ననూరు దాటిన తరువాత చాలా దూరం ఫోను సిగ్నలు అందదు.

అన్నింటికన్న ముఖ్యమైన విషయం మన్ననూరు చెక్‌పోస్టు. వన్యప్రాణుల రక్షణ కొరకు రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు అడవి దారిలో వాహనాలను అనుమతించరు. శ్రీశైలం నుండి తిరిగివచ్చేవారికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. మార్గదర్శిని శ్రీశైలం చేరే సమయాన్ని చూపవచ్చు కాని, గేటు దగ్గరికి తొమ్మిది దాటిన తరువాత చేరేటట్లుంటే ఆ విషయం హెచ్చరించదు. గేటు మూసిన తరువాత వచ్చినవారు తెల్లవారేవరకు ఆగవలసినదే.

మజిలీల క్రమం

ఆగవలసిన చోట్లు పెరిగినకొద్దీ వాటిని చుట్టే క్రమాలు విపరీతంగా పెరుగుతాయి. ఐదు చోట్లను 120 విధాలుగా వరుసపెట్టవచ్చు. పది చోట్లకు ఆ సంఖ్య 36,28,800. వీటిలో అతి చిన్న దారిని కనుగొనడాన్ని గణితంలో సంచార వర్తకుని సమస్య అంటారు. కొన్ని పరికరాలు ఈ క్రమాన్ని తామే సూచిస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో పలు మజిలీలు చేర్చవచ్చు కాని, వాటి వరుసను వాడుకరే నిర్ణయించుకోవాలి.

శ్రీశైలం దారి ఇంచుమించు ఒకే గీత కనుక, వరుస కన్న ఏ మజిలీని వెళ్ళేటప్పుడు చూడాలి, దేనిని తిరుగు ప్రయాణానికి వదలాలి అనేదే అసలు ప్రశ్న. పరికరాలు సాధారణంగా బండి నడిచే కాలాన్నే లెక్కిస్తాయి. గుడిలో గంట, భోజనానికి గంట అనేవి వాటికి తెలియవు. అందువలన మన్ననూరును కూడా ఒక మజిలీగా చేర్చుకొని, అక్కడికి చేరే సమయాన్ని గమనిస్తూ ఉండటం మంచి పద్ధతి.

ఎంపిక

చాలామందికి విడి పరికరం అవసరం లేదు. పటాన్ని ముందుగా దింపుకొన్న ఫోను సరిపోతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారిత ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మ్‌అండ్ నెట్ లేకుండానే దారి చెబుతాయి. గూగుల్ మ్యాప్స్‌లో కూడా కావలసిన ప్రాంతాన్ని దింపుకోవచ్చు కాని, నెట్ లేనప్పుడు రద్దీ వివరాలు రావు. ఎండకు అద్దం వద్ద పెట్టిన ఫోను వేడెక్కి తెర మసకబారవచ్చు. తరచుగా దూరప్రయాణాలు చేసేవారికి విడి పరికరం ఇక్కడ ఉపయోగపడుతుంది. దానికి పటం నవీకరణ ఎన్నేళ్ళు, ఉచితమా కాదా అన్నది తెర పరిమాణం కన్న ముందు అడగవలసిన ప్రశ్న.

కొనే ముందు కొన్ని పరీక్షలు చేయవచ్చు. చాంద్రాయణగుట్టను ఆంగ్లంలో పలు విధాలుగా రాస్తారు కనుక రెండు మూడు వర్ణక్రమాలతో వెదకాలి. ఉమామహేశ్వరం అని వెదికితే రంగాపూర్ గుడి వస్తున్నదో, నంద్యాల జిల్లాలోని యాగంటి ఉమామహేశ్వరాలయం వస్తున్నదో చూడాలి. వార్డు, బ్లాకు అంకెలతో కూడిన పాతబస్తీ ఇంటి నంబర్లను పరికరాలు సరిగా గుర్తించకపోవచ్చు కనుక అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఇచ్చే వీలుండాలి. ఫోనులో నెట్ ఆపివేసి కావాలని ఒక మలుపు తప్పితే, పరికరం కొత్త దారి చెప్పగలగాలి. నడిమధ్య ఒక మజిలీని తీసివేసినా మిగిలినవి చెదరకుండా ఉండాలి.

చట్టం

2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ ప్రకారం, డ్రైవరు ఏకాగ్రత చెడని విధంగా దారి చూసుకొనడానికి మాత్రమే చేతి పరికరాన్ని వాడవచ్చు. ఫోనును స్టాండులో బిగించి, మజిలీల మార్పులను పక్కన కూర్చున్నవారికి అప్పగించడం లేదా బండి ఆపి చేసుకోవడం సురక్షితం.